గడప లోపలి మాట

ఆ రోజు ఆ ఇంటి ముందు ముగ్గు లేదు.

బస్సు ఆ స్టేజీ దగ్గర ఆగేది రెండు నిమిషాలే. అయినా రెండేళ్లుగా ఆ రెండు నిమిషాలు నావి. కిటికీ పక్కన సీటు దొరక్కపోతే జహీరాబాద్ బస్టాండులోనే దిగిపోయి వెనుక బస్సు కోసం నిలబడేదాన్ని. ఆఫీసులో ఆలస్యానికి తిట్లు తినడం అలవాటైపోయింది. రోడ్డుకు ఆనుకున్న ఆ పెంకుటింటి వాకిట్లో ఎనిమిది రెక్కల ముగ్గు కనిపిస్తే చాలు, మధ్యాహ్నం అన్నం సయించేది. ఆ రోజు వాకిలి ఊడ్చి ఉంది, నీళ్లు చల్లలేదు, ముగ్గు వేయలేదు. ఏ ఊరికైనా పోయిందేమో అనుకున్నాను. మర్నాడూ లేదు. మూడోనాడూ లేదు. ముగ్గు లేని వాకిలి ఏం చెబుతుందో మన దగ్గర ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

నాలుగోనాడు కూడా నేను బస్సు దిగలేదు. సీటు అంచున కూర్చుని, చేతిసంచి పట్టుకుని, లేచి, మళ్లీ కూర్చున్నాను. పక్కనున్న ఆయన "దిగుతవా, కూసుంటవా?" అని విసుక్కున్నాడు. నాకే తెలియని సంగతి ఆయనకేం చెబుతాను?

ఆమె పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఆ ఊరి పేరూ రాయను. మేమంతా టీచరమ్మ అనేవాళ్లం కాబట్టి ఇప్పుడూ టీచరమ్మే.

నాకు ఆరేళ్లప్పుడు, డెబ్బైల నడుమ, మా గల్లీ చివర ఒక రేకుల గదిలో బాల్వాడీ నడిచేది. మా అమ్మ అందులో ఆయా. ఉప్మా వండడం, ముక్కులు తుడవడం, ఏడ్చేవాళ్లను చంకనేసుకోవడం ఆమె పని. మా నాయన లారీ డ్రైవరు. బొంబాయి దారి పట్టాడంటే వారం పది రోజులకు గాని ఇంట్లో కనిపించడు. నిజానికి నేను ఒకటో తరగతిలో ఉండాల్సినదాన్ని. బడిలో చేర్చుకునే సమయం దాటిపోయిందని ఆ ఏడు అమ్మ వెంటే తిరిగాను. నాలుగేళ్ల పిల్లల మధ్య ఆరేళ్లదాన్ని, చెప్పాలా నా పెత్తనం!

టీచరమ్మ బీదరు దిక్కు మనిషని అందరికీ తెలుసు, ఆమె మాటను బట్టి. తెలుగు మాట్లాడుతూనే మధ్యలో "హౌదా?" అనేది. నిజమేనా అని అడగడం అది. కాకి అరిచిందని చెప్పినా "హౌదా?" అనేది, పిల్లి పిల్లల్ని పెట్టిందని చెప్పినా "హౌదా?" అనేది. అలా అన్నప్పుడు మేం చెప్పినది లోకంలో ఇంతవరకు ఎవరూ చెప్పలేదన్నట్టు ఉండేది మాకు.

ఎప్పుడూ గోడకు వీపు ఆనించి, తలుపుకు ఎదురుగా కూర్చునేది. రోడ్డు మీద లారీ గట్టిగా హారన్ కొడితే ఆమె చేతిలో చాక్‌పీసు విరిగేది. పిల్లల్ని లెక్కపెట్టేది కాదు. పలకల్ని లెక్కపెట్టేది. "పిల్లలను లెక్కపెడితే దిష్టి. పలకలు సరిపోతే పిల్లలు సరిపోయినట్లె" అనేది మా అమ్మతో. సాయంత్రం చెప్పులేసుకుని బయలుదేరే వేళ ఎవరైనా మరచిపోయి "ఎక్కడికి?" అన్నారో, వెనక్కి వచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ లేచేది. మా దగ్గర అందరూ అంతే. కాని నాలుగేళ్ల పిల్లాడు అడిగినా వెనక్కి వచ్చేది ఆమె ఒక్కతే.

ఇంకో వింత ఆమె కుడి చెయ్యి. మణికట్టు దగ్గర ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. నల్లబల్ల మీద ఎడమచేత్తో రాసేది. ముగ్గు మాత్రం కుడిచేత్తోనే వేసేది. ఎడమచేత్తో ముగ్గేయకూడదని వాళ్లమ్మ చెప్పిందట. ఆమె వేసేది ఎప్పుడూ ఒకటే ముగ్గు, ఎనిమిది రెక్కల తామర. అందులో ఏడు రెక్కలు చక్కగా వచ్చేవి. కుడివైపు కింది రెక్క దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తిరగదు. ఆ రెక్క వంకరగా లోపలికి ముడుచుకునేది. అక్షరాల కంటే ముందు మాకు ఆ ముగ్గే నేర్పింది. "చేతికి మలుపు వస్తెనే అక్షరం వస్తది" అనేది. మేం ఆమెను చూసి నేర్చుకున్నవాళ్లం. తామరకు ఒక రెక్క వంకరగానే ఉంటుందనుకున్నాం. ఆడపిల్లలం, మగపిల్లలం, అందరం వంకర రెక్కతోనే వేసేవాళ్లం. నేను అందరికంటే బాగా వేసేదాన్ని.

ఆమె మాకు ఇంకొకటి కూడా నేర్పింది. అది ఏ పుస్తకంలో ఉందో, అసలు ఉందో లేదో నాకు తెలియదు.

గది మధ్యలో నేల మీద చాక్‌పీసుతో అడ్డంగా గీత గీసేది. అది గడప. మమ్మల్నందరినీ గీతకు ఇవతల నిలబెట్టి ఒక్కొక్క మాటే పలికేది. అది ఎవరికైనా చెప్పగల మాటైతే గీత దాటి గెంతాలి. ఇంట్లోవాళ్లకే చెప్పాల్సిన మాటైతే కదలకుండా నిలబడాలి.

"మా ఇంట్ల పిల్లి ఉన్నది." అందరం గెంతేవాళ్లం.

"నాకు చింతకాయ అంటె ఇష్టం." మళ్లీ గెంతేవాళ్లం.

"మా నాయన ఇంట్ల లేడు, బొంబాయి పోయిండు." నేను గెంతాను. మా నాయన బొంబాయి పోవడం నాకు గొప్ప మరి.

"ఆగు పిల్లా" అంది టీచరమ్మ. "నీకు తెలువని మనిషొచ్చి ఆ మాట విన్నడనుకో. మీ అమ్మ ఒక్కతె ఉన్నదని తెలిసిపోలే?"

నేను గీత ఇవతలికి తిరిగి వచ్చాను. "మరి ఎవరన్న అడిగితె ఏం చెప్పాలె?"

"ఇంట్ల శానమంది ఉన్నరు అని చెప్పాలె."

"అబద్ధం కదా?"

ఆమె చాక్‌పీసు కింద పెట్టింది. తరువాత అందరినీ అడిగింది, "మీ అమ్మ మీ నాయన పేరు పలుకుతదా?"

"పలుకది!" అని అరిచాం. ఏ అమ్మా పలకదు. రేషన్ కార్డు రాసుకునేవాడు అడిగినా పక్కింటామెతో చెప్పిస్తుంది.

"పేరు తెలువకనా?"

"తెలుసు! చెప్పది!"

"ఆఁ. తెలిసి చెప్పకపోవుడు అబద్ధం కాదు. ఆ పేరు మీ అమ్మది. ఆమె దాచుకుంటది. గట్లనే మీ పేరు మీది, మీ ఇల్లు మీది, మీ నాయన ఎప్పుడొస్తడన్నది మీది. ఎవరికియ్యాల్నో మీరు చూసుకోవాలె."

ఒకరోజు బెల్లం గడ్డ తెచ్చింది. మా దిక్కు చెరకు ఎక్కువ కాబట్టి బెల్లానికి కొదవ లేదు. అందరి ముందు ముక్కలు చేసి పంచింది. ఆమె చేతిలో చిన్న పలుకు మిగిలింది. "చూసిన్రా, బెల్లం పంచితె తక్కువైతది. మాట పంచితె తక్కువ గాదు. గందుకనే అందరు ఊరికెనే పంచుతరు. కాని బెల్లం మీ కడుపులకే పోయింది, నాకు తెలుసు. మాట ఎవరి కడుపులకు పోతదో, ఆడికెళ్లి ఎక్కడికి పోతదో నాకు తెలుస్తదా?" అంది. మేం బెల్లం చప్పరిస్తూ తెలియదని తలలూపాం. ఇన్నేళ్లలో ఎందరో పెద్దవాళ్లు ఎన్నో తీర్ల చెప్పగా విన్నాను గాని, ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదు.

ఆ ఆటలో ఒక్క మాట దగ్గర మాత్రం ఆమె గొంతు మారేది. "నన్ను కొట్టిన్రు" అని పలికేది. మేం కదలకుండా నిలబడేవాళ్లం. ఇంట్లో కొడితే బయట చెప్పుకోకూడదని అందరి ఇళ్లల్లోనూ నేర్పారు కదా. ఆమె లేచి వచ్చి చేతులు పట్టుకుని మమ్మల్ని గీత దాటించేది. "ఇది లోపలి మాట కాదు. కొట్టిన్రు, పట్టుకున్నరు, భయపెట్టిన్రు అంటె గడప దాటాలె. అమ్మకు చెప్పాలె, నాకు చెప్పాలె, వినకపోతె రోడ్డు మీద నిలబడి అరవాలె. దాచిపెడితె చెయ్యి వంకరగనే అతుకుతది" అనేది. చివరి ముక్క మాకు అర్థమయ్యేది కాదు. మా అమ్మ మాత్రం ఉప్మా గిన్నె దగ్గర తల వంచుకునేది.

ఇక నా సంగతి.

ఒక మధ్యాహ్నం పిల్లలంతా వెళ్లిపోయారు. అమ్మ వెనకాల గిన్నెలు తోముతోంది. టీచరమ్మ ఆ రోజు తొందరగా ఇంటికి పోయింది. నేను పలక ఒళ్లో పెట్టుకుని గుమ్మం ముందు కూర్చున్నాను. ఎదురుగా ఒకాయన వచ్చి నిలబడ్డాడు. తెల్ల ధోతి, చేతిలో గుడ్డసంచి. మంచినీళ్లు అడిగాడు. తెచ్చిచ్చాను. తాగి, చెంబు జాగ్రత్తగా కింద పెట్టి, నా ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"మీ టీచర్ పేరేం తల్లీ?"

"చెప్పను."

"ఇల్లెక్కడ?"

"చెప్పను."

"ఏ ఊరినుంచి వచ్చింది?"

"చెప్పను. అవి లోపలి మాటలు."

ఆయన నవ్వాడు. కోపం లేదు. "శానా తెలివిగల పిల్లవు. ఎవరు నేర్పిన్రో గాని మంచిగ నేర్పిన్రు" అన్నాడు. నాకు ఒళ్లు ఉబ్బిపోయింది. మూడు ప్రశ్నలకు మూడుసార్లూ గెలిచాను కదా! "ఇంకేం నేర్చుకున్నవ్? పాటనా, బొమ్మనా?" అని అడిగాడు. నేను పలక తుడిచి, బలపం అందుకుని, ఎనిమిది రెక్కల తామర వేసి ఆయన ముందు పెట్టాను.

ఆయన చాలాసేపు చూశాడు. తరువాత కుడివైపు కింది రెక్క మీద వేలు పెట్టాడు.

"ఈ రెక్క ఎందుకు వంకరున్నది?"

"అది అట్లనే ఉండాలె. మా టీచరమ్మ అట్లనే ఏస్తది."

పలక నా ఒళ్లో పెట్టి, నా తల నిమిరి వెళ్లిపోయాడు. ఆ ముగ్గు తుడవాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. సాయంత్రం దాకా అలాగే ఉంచుకున్నాను.

ఎవరూ ఏమీ అనకుండానే నాకు ఆ సాయంత్రం కాలు నిలవలేదు. ఇంట్లోంచి బయటికి, బయటి నుంచి ఇంట్లోకి తిరిగాను. "కాళ్లల్ల చక్రాలున్నయా నీకు?" అంది అమ్మ. గెలిచానన్న సంబరం ఎప్పుడు పోయిందో తెలియదు, ఆయన వేలు మాత్రం కళ్ల ముందు నుంచి పోలేదు. చివరికి రెండిళ్ల అవతల ఉన్న టీచరమ్మ ఇంటికి పరుగెత్తాను. ఆమె పొయ్యి ముట్టిస్తోంది.

"టీచరమ్మా, ఒకాయన వచ్చిండు. నీ పేరడిగిండు. నేను చెప్పలే. ఇల్లడిగిండు, చెప్పలే. ఊరడిగిండు, చెప్పలే."

"హౌదా?" అంది నవ్వుతూ.

"ముగ్గేసి చూపిచ్చిన. గంతే."

ఆమె చేతిలోని అగ్గిపుల్ల వేళ్ల దాకా కాలింది. నేను పలక చూపించాను. వంకర రెక్క చూసింది. తన మణికట్టు చూసుకుంది. నన్ను కొడుతుందనుకుని కళ్లు మూసుకున్నాను. ఎంతసేపటికీ దెబ్బ పడలేదు.

"నేను నోటికే నేర్పిన బిడ్డా. చేతికి నేర్పలే" అంది.

అమ్మ పరుగెత్తుకొచ్చింది. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నదాంట్లో నాకు తెలిసింది కొంతే. ఆయన ఆమె మొగుడు. ఆమె చెయ్యి విరిచినవాడు ఆయనే. విరిగాక కూడా ఆ ఇంట్లో ఆమె మూడేళ్లు ఉంది, మూడేళ్లూ పొద్దున్నే ఆ వాకిట్లో ముగ్గేసింది. ఆ వంకర ఎలా వచ్చిందో ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పేర్లు అడగనక్కర్లేదిక. రేపు ఆదివారం, బాల్వాడీ ఉండదు; అయినా పొద్దున గల్లీ గల్లీ తిరిగి వాకిళ్లు చూసుకుంటే చాలు.

"ముగ్గెయ్యకు రేపు" అంది అమ్మ.

"గల్లీల అన్ని వాకిళ్లకు ముగ్గుండి నా వాకిలి ఒక్కటె బోసిగుంటె అది ఇంక చెప్పినట్లే గదా అక్కా" అంది టీచరమ్మ.

అమ్మ నా పలక మీది ముగ్గు చూసింది. తరువాత నా రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయింది. మొదటి ఇంటి ముందు నిలబెట్టి "ఏసి చూపియ్యి" అంది. చాక్‌పీసుతో బండ మీద వేశాను. ఆ ఇంటి ఇల్లాలితో అమ్మ ఒక్కటే మాట చెప్పింది: "రేప్పొద్దున నీ వాకిట్ల ఈ ముగ్గే ఎయ్యాలె. ఎందుకని అడగకు." ఆమె అడగలేదు. వంకర రెక్క మాత్రం వేలితో గీసి చూసుకుంది. రెండో ఇల్లు. మూడో ఇల్లు. ఒక్కరూ ఎందుకని అడగలేదు. గల్లీ రెండు వైపులా అయ్యేసరికి నా వేళ్లు కొంకర్లు పోయాయి. ఏడుస్తూ వేశాను. అమ్మ ఓదార్చలేదు. చివరి ఇంటి ముసలమ్మ మాత్రం "వంకర ముగ్గు ఇంటికి మంచిది గాదు, నేనెయ్య" అని తలుపేసుకుంది.

మర్నాడు టీచరమ్మ మా ఇంట్లో, గాదె వెనుక కూర్చుంది. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. ఎండ వాకిళ్ల మీదికి వచ్చే వేళకు ఆయన వచ్చాడు. మొదటి వాకిలి ముందు ఆగి, గబగబా తలుపు దాకా పోయి, పక్క వాకిలి చూసి ఆగిపోయాడు. దాని ముందుకు పోయాడు. దాని పక్కదాని ముందుకు పోయాడు. గల్లీ ఆ కొస దాకా వెళ్లి, మళ్లీ మొదటి నుంచి వచ్చాడు. ముసలమ్మ వాకిట్లో ఆమె ముగ్గుకు ఒకటి కాదు, రెండు రెక్కలు వంకరగా ఉన్నాయి. తరువాత అమ్మ అడిగితే "ఏసేదేదో గట్టిగనే ఏసిన" అందట.

ఆయన మా అమ్మ ముందు ఆగాడు. "ఈ ముగ్గు ఎవరిది?"

అమ్మ చీపురు చేత్తో పట్టుకునే ఉంది. "ముగ్గు ఎవరిదేంది? వాకిలి ఎవరిదైతె ముగ్గు వాళ్లది" అంది.

మధ్యాహ్నం ఆయన బీదరు బస్సెక్కడం ఎవరో చూసి వచ్చి చెప్పారు. గల్లీ అంతా తేలికపడింది. నేను మాత్రం గాదె వెనక్కి వెళ్లి టీచరమ్మ ముఖం చూశాను. అందులో తేలిక లేదు. బస్సెక్కినవాడు బస్సు దిగడానికి ఎంతసేపు?

మూడో రోజుకు ఆమె ఇంటికి తాళం ఉంది. బాల్వాడీలో నేల మీద గీత మాత్రం ఉంది. అమ్మ నేలంతా తుడిచింది, ఆ గీత వరకు వచ్చి ఆగింది. కొన్నాళ్లకు కొత్త టీచరు వచ్చి దాన్ని తుడిపించింది.

"టీచరమ్మ యాడికి పోయింది?" అని రోజూ అడిగేదాన్ని.

"తెల్వదు" అనేది అమ్మ, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ. అమ్మకు అబద్ధం రాదు. ఆమెకు తెలుసు. నాకు చెప్పదు. గడప గీత ఇవతల అమ్మ ఉంది, అవతల నేనున్నాను. ఆ ఆటలో అంతవరకు ఎవరూ నన్ను అవతల ఒంటరిగా నిలబెట్టలేదు. అమ్మ మీద కోపం వచ్చేది. అంతకంటే ఎక్కువగా, అమ్మ చేసింది సరైనదే కదా అని ఏడుపు వచ్చేది.

పెద్దదాన్నయ్యాక కూడా ఆ అశాంతి తగ్గలేదు. ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడి ఇంటికి వస్తే, ఏం చెప్పాను, ఏం బయట పెట్టాను అని మళ్లీ మళ్లీ వెనక్కి పోయి తడుముకునేదాన్ని. స్నేహితురాళ్లు నన్ను గుంభనమైన మనిషి అనేవాళ్లు. గుంభనం కాదు, భయం.

అమ్మకు వాళ్ల చిన్నమ్మ కూతురు ఒకామె ఉంది, హైదరాబాద్ రోడ్డు మీది ఒక ఊళ్లో. అక్కడ పెళ్లయినా, పురుడైనా అమ్మ ఒక్కతే పోయి వచ్చేది. నన్ను నానమ్మ దగ్గర వదిలేది. "నీకు బస్సు పడది, కక్కుతవ్" అనేది. నేను పుట్టి బుద్ధెరిగాక ఏ బస్సులోనూ కక్కలేదు. అయినా చాలా ఏళ్లు ఆ మాట నమ్మి బస్సెక్కినప్పుడల్లా నిమ్మకాయ పట్టుకుని కూర్చునేదాన్ని.

పద్దెనిమిదేళ్లకు నాకు ఆ దారిలోనే ఒక చిన్న ఉద్యోగం దొరికింది. మూడోరోజో, నాలుగోరోజో, బస్సు ఒక స్టేజీలో ఆగినప్పుడు కిటికీలోంచి ఆ ముగ్గు కనిపించింది. కుడివైపు కింది రెక్క వంకర. ఆ చేతికి ఇంకో ముగ్గు రాదు. ఒకావిడ వీపు ఇటు పెట్టి, ఎడమచేత్తో బకెట్ పట్టుకుని లోపలికి పోతోంది. జుట్టు సగం నెరిసింది. బస్సు కదిలింది. నేను ఆ రోజు ఆఫీసులో ఏం చేశానో నాకు గుర్తులేదు.

ఆ సాయంత్రం అమ్మ జొన్నరొట్టె కొడుతోంది. నా ముఖం చూసి, "బస్సుల ఏ దిక్కు కూసున్నవ్?" అంది.

"కిటికి దిక్కు."

అమ్మ చెయ్యి ఆగింది. "కుడి కిటికా, ఎడమ కిటికా?"

"ఎడమ."

పొయ్యి మీది రొట్టె మాడింది. "వేడిగున్నది, తిను" అని అమ్మ వేరే రొట్టె వేసింది. అంతే. ఆ తరువాత రెండేళ్లు ఆమె ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రెండేళ్లు నేను ఎందుకు దిగలేదంటారా? దిగితే నా వెనుక ఇంకెవరైనా దిగుతారేమోనని. ఆయన బతికున్నాడో లేడో తెలియదు, నన్ను గుర్తుపడతాడనీ కాదు. అయినా ప్రతిరోజూ బస్సులో వెనక్కి తిరిగి ముఖాలు చూసుకునేదాన్ని. ఒకసారి ఆమె గుమ్మంలో నిలబడి బస్సు కేసి చూసింది. నేను తల వంచుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ వంచిన తలను పట్టుకుని పైకెత్తాలనిపిస్తుంది. ఒక్కసారి చూడనిస్తే ఏం పోయేది?

నాలుగు రోజులు ముగ్గు లేకపోయాక ఇంటికి వచ్చి, "అమ్మా, ముగ్గు లేదు" అన్నాను.

ఏ ముగ్గు అని అమ్మ అడగలేదు. చేతిలోని చేట కింద పెట్టి కూలబడింది. "జ్వరమని పోయిన వారం మా చిన్నమ్మ బిడ్డ కబురు పంపింది. ఇన్నేండ్లు వాళ్లింట్లనే ఉన్నది గద. తగ్గిందనుకున్న" అంది.

"పధ్నాలుగేండ్లు నాకు చెప్పలే నువ్వు."

"చిన్నప్పుడు నమ్మకం లేక చెప్పలే. పెద్దయినంక, ఎట్ల మొదలువెట్టాల్నో తెల్వక చెప్పలే." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆమె అడుగుతనే ఉండె. ఆ పిల్లకు చెప్పు అక్కా, నేను మంచిగున్ననని చెప్పు, పరేషాన్ అయితుంటది అనేది. నేనే చెప్పలే."

లేచి వాకిట్లోకి వెళ్లి, మళ్లీ లోపలికి వచ్చాను.

"నా మోకాళ్లు లేస్తలేవు. రేపు నువ్వు పో" అంది అమ్మ.

"ఎవరని చెప్పుకోవాలె ఆడ?"

"నువ్వెవరో నువ్వే చెప్పుకోవాలె."

అయిదోనాడు దిగాను. నా వెనుక ఎవరూ దిగలేదు. తలుపు ఓరగా వేసి లోపల గొలుసు పెట్టి ఉంది. సందులోంచి ఆరేళ్ల పిల్ల చూస్తోంది. చేతిలో పలక ఉంది.

"ఎవలు?"

"జహీరాబాద్ నుంచి వచ్చిన. మీ అమ్మమ్మకు అక్క బిడ్డను." నా పేరు చెప్పాను, అమ్మ పేరు, నాయన పేరు, మా గల్లీ, అన్నీ చెప్పాను. ఎవరికీ ఇన్ని సంగతులు ఒక్క గుక్కలో ఎప్పుడూ చెప్పలేదు.

"అట్లని ఎవలన్న చెప్తరు" అంది.

"ఇంట్ల ఎవరున్నరు?"

"శానమంది ఉన్నరు."

లోపల చిన్న అలికిడి కూడా లేదు. "టీచరమ్మ ఉన్నదా?" అన్నాను.

"ఏ టీచరమ్మ?" రెప్ప కూడా వెయ్యలేదు పిల్ల.

ఆమె ఉందో పోయిందో కూడా నాకు చెప్పదు. నేనెవరినో నమ్మించడానికి నా దగ్గర మాటలు మిగల్లేదు. "ఆ పలక జర ఇస్తవా?" అన్నాను. ఆలోచించి సందులోంచి ఇచ్చింది. ఎనిమిది రెక్కలు వేశాను. రెక్కలు సరిగ్గా వచ్చాయి. పలక తిప్పి చూపించాను. పిల్ల ఒక్కొక్క రెక్క మీదా కళ్లు నడిపించి, కుడివైపు కిందిదాని దగ్గర ఆగింది.

"ఈ రెక్క ఎందుకు వంకరున్నది?"

పధ్నాలుగేళ్ల కిందటి ప్రశ్న అది, అదే మాటల్లో. "చెయ్యి ఆడికొచ్చి తిరగది" అన్నాను.

గొలుసు తీసిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. "లోపలికి రా" అంది పిల్ల, పక్కకు జరుగుతూ.

కాలు ఎత్తాను. ఇన్నేళ్లుగా నేను అవతల నిలబడి చూసిన గడప అది. ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాను.

"రాను. ముగ్గేసి చూపిస్తె తలుపు తియ్యొద్దు తల్లీ. ముగ్గు చూసి ఎవలన్న నేర్చుకుంటరు. మీ పెద్దోళ్లు వచ్చి, నన్ను చూసి, రమ్మంటెనే వస్త. గొలుసు పెట్టుకో."

పిల్ల గొలుసు పెట్టుకుంది. నేను బయట నేల మీద, తలుపు పక్కన కూర్చున్నాను. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. కాసేపటికి తలుపు అవతల పిల్ల కూడా కూర్చున్న అలికిడి వినిపించింది. ఆమె ఊపిరి సందు దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మ చచ్చిపోయింది" అంది, చాలా చిన్నగా. "ఇది లోపలి మాట. ఎవ్వలకు చెప్పకు."

"చెప్పను" అన్నాను. ఒళ్లో ఉన్న పలక మీది ముగ్గు నా కొంగుతో తుడిచేశాను.